మెడ కొలత

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో డాక్టరు గారి మీద నాకు కోపం ఉంది. చివరికొచ్చేసరికి కాస్త చల్లారుతుంది గానీ పూర్తిగా పోదు. ఎందుకు పోదో వింటే మీకే తెలుస్తుంది.

టేపత్త దర్జీ. పేట మొత్తానికి ఒకటే బట్టలు కుట్టే కొట్టు. బస్సులు మలుపు తిరిగే చోట, చెప్పులు బాగుచేసే కొట్టుకీ తాళాలు చేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆవిడ మెడలో పసుపు రంగు టేపు ఒకటి, రెండు కొసలూ ముందుకు వేలాడుతూ ఉంటుంది. పొద్దున తల దువ్వుకోగానే మెడలో పడుతుంది, మళ్లీ పడుకోబోయే ముందే తీయడం. మధ్యలో కూరగాయలకు వెళ్లినా, చుట్టాలింటికి వెళ్లినా, బ్యాంకులో సంతకం పెట్టడానికి వెళ్లినా అది అక్కడే ఉంటుంది. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో గానీ చిన్నా పెద్దా అందరికీ టేపత్తే.

కొట్టులో ఉండేది ఇద్దరు. కత్తిరించడం, కుట్టడం టేపత్త పని. కాజాలు, గుండీలు, చేతికుట్టు ఆవిడ ఆడపడుచు పని. టేపత్త భర్త పోయి తొమ్మిదేళ్లయింది. అన్న పోయాడని ఆడపడుచు వదినని వదిలిపెట్టలేదు, వదిన కూడా ఆమెని పొమ్మనలేదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే కొట్టు, రోజుకి పది పోట్లాటలు. నోట్లో అరడజను గుండుసూదులు పెట్టుకుని కూడా గడగడా మాట్లాడగల మనిషి ఆ ఆడపడుచు. సూదులు లేనప్పుడు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఏడాదికోసారి వాళ్లు కొట్టు తలుపు లోపల గడియ వేసుకుని మిషన్లు విప్పుతారు. లోపల పేరుకున్న దూదీ పోగులూ లాగేసి, తుడిచి, నూనె వేస్తారు. దాన్ని నూనె రోజు అంటారు. ఆ రోజు కుట్టడానికి మిషన్ ఉండదు, చేతులేమో ఊరుకోవు. అందుకని ఒకరి కొలతలు ఒకరు తీసుకుని, దారప్పోగులు లోపల పడకుండా మెడ దాకా గుండీలుండే పని కోట్లకి చెరొకటి గుడ్డ కత్తిరించుకుంటారు. కొలతల పుస్తకంలో ఆఖరి రెండు పేజీలూ వాళ్లిద్దరివి. ఇరవై రెండేళ్ల కొలతలు, కింద కింద, ఒకే వరుసలో ఉంటాయి.

ఈసారి నూనె రోజున ఆడపడుచు టేపు తీసి వదిన మెడకి చుట్టింది.

"పద్నాలుగున్నర," అంది.

"మళ్లీ కొలువు."

"పద్నాలుగున్నర."

"మళ్లీ కొలువే. కాలరు మడత పడిందేమో చూడు."

"కాలరూ లేదు, మడతా లేదు, నా కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. నీ మెడే వదినా అది!"

టేపత్త పుస్తకం ముందుకు లాక్కుంది. పదమూడున్నర, పదమూడున్నర, పదమూడున్నర. ఇరవై రెండేళ్లలో పావంగుళం కూడా కదలని మెడ ఒక్క ఏడాదిలో అంగుళం పెరిగింది. పోనీ ఒళ్లు చేసిందా అంటే, నడుము ముప్పై నాలుగు నుంచి ముప్పై రెండుకి దిగింది. మనిషి లావైతే ముందు నడుముకి పడుతుంది, తర్వాత చేతులకి, మెడకి అన్నిటికన్నా ఆఖర్న. కొన్ని వేలమందిని కొలిచిన చెయ్యి అది. నడుము తగ్గుతూ మెడ పెరిగిన మనిషిని మాత్రం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. ముద్ద గొంతులో ఆగుతోంది, నీళ్లు తాగితే గానీ దిగడం లేదు. సాయంత్రమయ్యేసరికి గొంతు బొంగురుపోతోంది. దూది దుమ్ములే అని సరిపెట్టుకుంది ఇన్నాళ్లూ. అద్దం ముందు నిలబడి టేపు పక్కకి జరిపి చూసుకుంటే, గొంతు కింద ఎడమపక్కన చిన్న ఉబ్బు. ముప్పై ఏళ్లు టేపు వేలాడే చోటే అది. టేపు చాటున ఎన్నాళ్ల నుంచి పెరుగుతోందో ఎవరికి తెలుసు!

"రేపే డాక్టరు దగ్గరికి," అంది ఆడపడుచు. ఆ మాటకి మాత్రం పోట్లాట రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పేటకి ఒకటే వైద్యశాల, ఒకరే డాక్టరు. గొంతు గడ్డల్లాంటివి చూసే పెద్దాసుపత్రి ఊళ్లో ఉంది గానీ, పేట డాక్టరు ఉత్తరం రాసి ఇస్తేనే అక్కడ లోపలికి రానిస్తారు. ఉత్తరం లేకపోతే గుమ్మంలోంచే వెనక్కి. అంటే టేపత్తకి కావలసింది మందూ కాదు, మాత్రా కాదు, ఆ డాక్టరు చేత్తో రాసిన నాలుగు ముక్కలు.

వైద్యశాల కౌంటరులో కూర్చునే ఆవిణ్ని అందరూ చీటీలమ్మ అంటారు, నంబరు చీటీలు ఇచ్చేది ఆవిడే కాబట్టి. నలభై దాటిన మనిషి. ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఒక చేత్తో రాస్తూ, ఇంకో చేత్తో చీటీలు చింపుతూ ఉంటుంది. మొహంలో నవ్వు చూసిన వాళ్లు పేటలో లేరు.

"ఏంటి సమస్య?"

"మెడ పెరుగుతోందమ్మా."

చీటీలమ్మ తల ఎత్తి ఒకసారి చూసింది. "బరువెంత?"

"ఏమో తల్లీ, తూచుకోలేదు."

బరువు తూచే మిషన్ గోడవారగా ఉంది. దాని మీద ఆకుల మొక్క కుండీ ఒకటి, కుండీ పక్కన తడి గొడుగు. చీటీలమ్మ ఇంకోసారి పైనుంచి కిందికి చూసి, ఫోనులో ఎవరికో 'ఊ ఊ' అంటూనే ఫైల్లో ఏదో రాసేసింది. టేపత్త పట్టించుకోలేదు. ఆవిడ ధ్యాసంతా మెడ మీద ఉంది. రెండు గంటలు చెక్క బల్ల మీద కూర్చున్నాక పిలుపొచ్చింది.

డాక్టరు గారు కంప్యూటరు వంక చూస్తూ, "ఊఁ, ఏమిటి?" అన్నారు.

"మెడ పెరుగుతోందండీ. ఇరవై రెండేళ్లుగా పదమూడున్నర ఉండేది, ఇప్పుడు..."

"నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ. మెడ..."

"ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా? ఎవరెవరు ఉంటారు?"

"నేనూ మా ఆడపడుచూ అండీ."

"అదీ సంగతి!" అని డాక్టరు గారు మొదటిసారి నవ్వారు, అదీ కంప్యూటరు వంక చూసే. "టెన్షన్. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది. ఈ మాత్రలు రాత్రి పూట వేసుకోండి. తర్వాత ఎవరు?"

బయట ఆడపడుచు ఆ మాట విని నడివీధిలో ఆగిపోయింది. "ఏంటీ? నేనా నీ జబ్బు? నేనా? అన్నం వడ్డిస్తే జబ్బు, కాజాలు కుడితే జబ్బు! రేపట్నుంచి నన్ను కూడా రోజుకి రెండుసార్లు మంచినీళ్లతో మింగు!"

నవ్వారు ఇద్దరూ. నవ్వితే టేపత్తకి దగ్గొచ్చింది, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆడపడుచు రెక్క పట్టుకుని ఇంటికి నడిపించింది.

మాత్రలకి నిద్రొచ్చింది తప్ప మెడ తగ్గలేదు. ఆరు వారాలకి పద్నాలుగు ముప్పావు. ఈసారి టేపత్త కొలతల పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లింది. మళ్లీ చీటీలమ్మ, మళ్లీ పైనుంచి కిందికి ఒక చూపు, మళ్లీ రెండు గంటల బల్ల. డాక్టరు గారు ఫైలు తిప్పారు.

"మొన్న డెబ్బై, ఇవాళ డెబ్బై మూడు. ఆరు వారాల్లో మూడు కిలోలు పెరిగారు. మెడ లావెక్కదూ మరి? తిండి తగ్గించండి."

"పెరగడమేమిటండీ! నా నడుము రెండంగుళాలు తగ్గింది. ఇదిగోండి, ఈ పుస్తకంలో ప్రతి ఏడాదీ..."

డాక్టరు గారు పుస్తకం అట్ట వంక చూశారు. అట్ట మీద సుద్ద మరకలున్నాయి. దాన్ని వేలితో బల్ల అంచుకి జరిపారు.

"చూడమ్మా, కొలతలు మీకు తెలుసు, వైద్యం నాకు తెలుసు. ఎవరి పని వాళ్లం చేసుకుందాం."

"పోనీ పెద్దాసుపత్రికి ఒక ఉత్తరం రాసివ్వండి. వాళ్లు కూడా ఏం లేదంటే నోరు మూసుకుని నా మిషన్ నేను తొక్కుకుంటాను."

"అడిగిన వాళ్లందరికీ ఉత్తరాలు రాస్తే అక్కడ నిలబడ్డానికి చోటుండదు. తర్వాత ఎవరు?"

ఇదిగో, నా కోపం ఇక్కడ మొదలవుతుంది. ఆయన దుర్మార్గుడేం కాదు. రోజుకి ఎనభై మందిని చూస్తారు, సగం మందికి నిజంగానే ఏమీ ఉండదు. అయితే మాత్రం? ఆ బల్లకి ఇవతల కూర్చున్న మనిషి మెడ వంక ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తల తిప్పి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? గుండీ పెట్టుకున్నంతసేపు పట్టదు.

టేపత్త ఆ రోజు కొట్టుకొచ్చి కత్తెర పట్టుకోలేదు. గుడ్డ ముందు కూర్చుని ఏడ్చింది. జబ్బుకి కాదు, బల్ల అంచుకి జరిపిన ఆ పుస్తకానికి. తర్వాత కాసేపటికి జబ్బుకి కూడా ఏడ్చింది, ఎందుకంటే భయం వేసింది. ఆడపడుచు పక్కన కూర్చుని ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే టేపత్తని ఎక్కువ భయపెట్టింది.

"అన్నయ్యని కూడా ఇలాగే 'గ్యాసు, గ్యాసు' అన్నారు వదినా," అంది చివరికి ఆడపడుచు. "నువ్వు కూడా పోతే నేనెవరితో పోట్లాడను?"

"పోను లేవే. పోయినా నీ నోటికి భయపడి తిరిగొచ్చేస్తాను."

మూడోసారి వెళ్దామంటే, ముందే ఫోను చేసి తారీఖు తీసుకోవాలని ఈలోగా కొత్త పద్ధతి పెట్టారు, ఆ తారీఖు దొరకలేదు. ఫోను చేస్తే ఎప్పుడూ ఎంగేజే. తీరా లైను దొరికితే, ఈ నెలకి సారు దగ్గర ఖాళీల్లేవు, అయిదు వారాల తర్వాత చూద్దాం అన్నారు. మెడ పదిహేనుకొచ్చింది. ఇప్పుడు పలచటి జావ తప్ప ఏదీ సుఖంగా దిగడం లేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం చీటీలమ్మ కొట్టు గుమ్మంలో ప్రత్యక్షమైంది. చేతిలో ఒక సంచీ, సంచీలో తెల్లకోటు ఒకటి, మూడు కోట్లకి సరిపడా తెల్లగుడ్డ.

"సారుకి మూడు కోట్లు కుట్టాలి. పాతది ఇదిగో. దీనికన్నా కొంచెం వదులుగా ఉండాలన్నారు."

ఆడపడుచు కళ్లు మెరిశాయి. వదిన చెవిలో గుసగుసలాడింది. "చంకల దగ్గర బిగించి పారెయ్ వదినా. చెయ్యెత్తాడంటే ఫట్‌మనాలి."

టేపత్త ఆవిణ్ని మోచేత్తో నెట్టి, కోటు తిరగేసి చూసింది. "కొంచెం వదులంటే ఎంతమ్మా? భుజం దగ్గరా, పొట్ట దగ్గరా, కాలరా? ఆయన్ని ఒకసారి రమ్మను, కొలుస్తాను."

"సారు రారండీ. ఆయనకి టైమెక్కడిది? మీరు చూశారు కదా సారుని రెండుసార్లు. అంచనాగా కుట్టేద్దురూ."

"అంచనాగా నేను కుట్టను."

"ఇంత అనుభవం ఉంది, చూస్తే చెప్పెయ్యలేరా ఏంటి!"

టేపత్త టేపు సర్దుకుంది. గొంతు బొంగురుగా ఉన్నా మాట స్పష్టంగానే వచ్చింది. "పందొమ్మిదేళ్లప్పుడు ఒకసారి చూసి చెప్పేశానమ్మా. ఒక మాస్టారికి కోటు. పెద్దాయన ఒంటి చుట్టూ టేపు వెయ్యడానికి మొహమాటపడ్డాను. కంటితోనే కొలిచి కోసేశాను. ఆయన వేదిక ఎక్కి దండం పెట్టబోయేసరికి చంక దగ్గర్నుంచి నడుము దాకా చిరిగింది. ఊరంతా నవ్వింది. నాకు పని నేర్పిన మా మేనమామ నా చేత ఏడాది పాటు పాత కుట్లు విప్పించాడు గానీ కత్తెర ముట్టుకోనివ్వలేదు. అప్పట్నుంచి టేపు మెడలోంచి తీయలేదు నేను."

చీటీలమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఎదురుగా బల్ల మీద కొలతల పుస్తకం ఆఖరి పేజీ తెరిచి ఉంది. పైన ఇరవై రెండు పదమూడున్నరలు. వాటి కింద పద్నాలుగున్నర, పద్నాలుగు ముప్పావు, పదిహేను. పక్కన నడుము వరుస మెట్లు దిగినట్టు దిగుతోంది.

"ఇది... మీదేనా?"

"నాదే. అదే సారుకి చూపించబోయాను. మూడు కిలోలు పెరిగానన్నారు, ఫైల్లో ఉందట."

చీటీలమ్మ మొహం తెల్లబోయింది. సంచీ బల్ల మీద పెట్టి, ఉన్న ఒక్క స్టూలు మీద కూలబడింది.

"అది నేను రాసిందే," అంది. "తూచి రాయలేదండీ. ఆ తూచే మిషన్ ఆగిపోయి రెండేళ్లు. బ్యాటరీలు కావాలని మూడుసార్లు కాయితం పెట్టాను, ఎవరూ పలకలేదు. సారేమో ఆ గడి ఖాళీగా ఉంటే అరుస్తారు. ఫోనూ నేనే, చీటీలూ నేనే, ఫైళ్లూ నేనే. మనిషిని చూసి ఏదో ఒకటి వేసేస్తున్నా. రెండోసారి వచ్చిన వాళ్లకి రెండో మూడో కలుపుతా. అంతా పెరిగేవాళ్లే కదా అని."

"ఓసి నీ దుంప తెగ!" అంది ఆడపడుచు.

"నువ్వుండవే," అంది టేపత్త. కోపం ఆవిడకీ వచ్చింది. పీకల దాకా వచ్చింది. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ భుజం కుడి భుజం కన్నా బెత్తెడు పైకి లేచి ఉండటం ఆవిడ కంట పడింది. కంట పడ్డాక చెయ్యి ఊరుకోదు. టేపు తీసి ఆ భుజం మీద వేసింది.

"ఫోను ఎప్పుడూ ఇటే ఇరికిస్తావు కదూ? ఈ పక్క మెడ నొప్పా?"

"రాత్రుళ్లు నిద్రపట్టదండీ," అంది చీటీలమ్మ. అలా అడిగిన వాళ్లెవరూ లేరు కాబోలు, వెంటనే ఏడ్చేసింది. ఆడపడుచు గొణుక్కుంటూనే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

వెళ్లేటప్పుడు చీటీలమ్మ గుమ్మంలో ఆగింది. "రేపు తలుపులు తీయకముందే రండి. సారుకి కోటు కొలతలని చెప్తాను. పుస్తకం మర్చిపోకండి. ఫైలు సంగతి నేను చూసుకుంటాను."

మర్నాడు పొద్దున వాళ్లిద్దరూ వెళ్లేసరికి మొక్క కుండీ కిటికీలో ఉంది. చీటీలమ్మ తన సొంత డబ్బుతో బ్యాటరీలు కొని వేసింది. టేపత్తని మిషన్ మీద నిలబెట్టింది. అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి.

యాభై తొమ్మిది.

చీటీలమ్మ ఆ అంకె వంక చాలాసేపు చూసింది. తర్వాత ఫైలు తీసుకుని, చీర చెంగు బిగించి తిన్నగా డాక్టరు గదిలోకి నడిచింది. వెనకాలే టేపత్త వెళ్లింది. ఆడపడుచు తలుపుకి చెవి ఆనించి బయటే నిలబడింది.

"సార్, ఈవిడ ఫైల్లో బరువులు తప్పు. నేను తూచకుండా రాశాను."

"ఏమిటి నువ్వంటున్నది?"

"ఈవిడ ఒక్కరిదే కాదు సార్, రెండేళ్లుగా అందరివీ అంతే. ఇవాళ తూచాను. యాభై తొమ్మిది."

ఆ మాట అనడానికి ఆ మనిషికి ఎంత ధైర్యం కావాలో నేను చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోవచ్చు. అయినా ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టింది. డాక్టరు గారి మొహం ఎర్రబడింది. గడియారం వంక చూశారు.

"దాని సంగతి తర్వాత మాట్లాడతాను. అయినా తగ్గితే మంచిదేగా! ముందు ఈ కోటు కొలతలు కానివ్వండి, బయట జనం నిండిపోతారు."

మంచిదేగా అట! విన్నారా?

టేపత్త పనికి వచ్చింది, పని చేస్తుంది. మెడలోంచి టేపు తీసింది. ఆయన్ని కుర్చీలోంచి లేపి, కంప్యూటరుకి వీపు పెట్టించి, కిటికీ వెలుగులో నిలబెట్టింది.

"చేతులు చాపండి. ఎక్కడ పట్టేస్తోందండీ పాత కోటు?"

"పట్టేస్తుందని కాదు... ఎడమ చెయ్యి పైకెత్తితే."

"ఎప్పట్నుంచి?"

"ఒక ఏడాదిగా అనుకుంటా."

"ముందుకి చాపితేనా, పక్కకి ఎత్తితేనా?"

డాక్టరు గారు రెండూ చేసి చూపించారు. ఆవిడ వింది, చూసింది, రాసుకుంది, మళ్లీ ఒకసారి కొలిచింది. భుజం, ఛాతీ, చెయ్యి పొడుగు. ఆ గదిలో ఒక మనిషి ఇంకో మనిషిని అంత తీరిగ్గా చూడటం ఎన్నాళ్ల తర్వాతో. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు సుమండీ.

"ఇక కాలరు. గడ్డం కాస్త ఎత్తండి."

కాలరు కొలవాలంటే ఎదురుగా దగ్గరికి రావాలి. టేపత్త మునివేళ్ల మీద లేచి ఆయన మెడ చుట్టూ టేపు తిప్పి, అంకె చదవడానికి తల వెనక్కి వంచింది. రెండు మొహాల మధ్య జానెడు దూరం. కంప్యూటరు వెనకాల ఎక్కడో ఉంది. చేతులు చాచి నిలబడ్డ మనిషికి చూడ్డానికి ఎదురుగా ఉన్న మెడ తప్ప ఇంకేమీ లేదు. ఇవాళ ఆ మెడలో టేపు లేదు.

టేపత్త గుటక వేసింది. ఈమధ్య ఊరికే వేసినా కష్టమే. ఎడమపక్క ఉబ్బు గుటకతో పాటు పైకి లేచి, మెల్లిగా కిందికి దిగింది.

"ఆగండి," అన్నారు డాక్టరు గారు.

"కదలకండి సార్, కొలత తప్పుతుంది."

"కొలత కాదు... మీరు ఇంకోసారి మింగండి."

టేపత్త మింగింది. డాక్టరు గారు చేతులు దించారు. గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చారు. ఆవిడ వీపు వెనక్కి వెళ్లి నిలబడి, రెండు చేతుల వేళ్లూ గొంతు మీద ఆనించారు. వేళ్లు చల్లగా ఉన్నాయి. "తాగండి. మళ్లీ తాగండి." ఒక పక్క నొక్కి చూశారు, ఇంకో పక్క నొక్కి చూశారు. చెవుల కింద, భుజాల పైన తడిమి చూశారు. బయట జనం దగ్గులూ గొణుగుళ్లూ వినబడుతున్నాయి. ఆయనకి వినబడటం లేదు.

"ఇది ఎప్పట్నుంచి ఉంది?"

"మూడు నెలల్నుంచీ మీకు చెప్తూనే ఉన్నానండీ."

"మెడలో ఎప్పుడూ టేపు ఉండేది. మీరు తీయలేదు."

"మీరు తీయమనలేదు."

చీటీలమ్మ బల్ల దగ్గరికి వెళ్లి, కొలతల పుస్తకం ఆఖరి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఈసారి ఆయన దాన్ని జరపలేదు. కూర్చుని, వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా చదివారు. నడుము వరుస కూడా చదివారు. చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను చూసి ఉండాల్సింది," అన్నారు. చిన్న గొంతుతో అన్నారు గానీ అన్నారు. అందుకే నా కోపం కాస్త తగ్గింది. పూర్తిగా ఎందుకు తగ్గదంటే, ఆ మూడు నెలలూ టేపత్త మెడలోంచి పోయిన మూడు నెలలు కదా.

ఉత్తరం రాశారు. పైన ఎర్ర సిరాతో 'అర్జెంటు' అని రాసి రెండుసార్లు గీత గీశారు. ఫోను తీసి పెద్దాసుపత్రికి తనే మాట్లాడారు. ఈ వారమే చూడాలి, కుదరదంటే నేనే తీసుకొస్తాను అన్నారు. తలుపు తీసేసరికి ఆడపడుచు దాదాపు లోపలికి పడిపోయింది. వదిన చేతిలో ఉత్తరం చూసి, కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, డాక్టరు గారి వైపు వేలు చూపించింది.

"సార్, ఒక్క మాట. ఆవిడ జబ్బు నేను కాదని కూడా ఆ కాయితం మీద రాయండి!"

పెద్దాసుపత్రిలో సూదితో తీసి పరీక్ష చేశారు. చెడ్డ గడ్డే. కానీ ఇంకా గడప దాటలేదు, పక్కలకి పాకలేదు అన్నారు అక్కడి డాక్టరమ్మ, ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే వేరే సంగతి అన్నారు. గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథి సగం తీసేశారు. మూడు వారాలు టేపత్త గట్టిగా మాట్లాడకూడదన్నారు. ఆ మూడు వారాలూ ఆడపడుచే ఇద్దరి తరఫునా మాట్లాడింది. ఆవిడకి అదేమంత కష్టమనిపించలేదు.

చీటీలమ్మ ఉద్యోగం పోలేదు. డాక్టరు గారు ఒక రోజంతా ఆవిడతో మాట్లాడలేదు, రెండో రోజు పాత ఫైళ్లన్నీ ముందేసుకుని కూర్చున్నారు. వచ్చిన ప్రతి మనిషినీ మళ్లీ తూచమన్నారు. ఫోను ఎత్తడానికి ఇంకొకరిని పెట్టించారు. కోట్లు టేపత్త కోలుకున్నాక కుట్టి ఇచ్చింది, కొలతకి కొలత, చంకలు వదులుగా. గుండీలు మాత్రం ఆడపడుచు పని. ప్రతి కోటుకీ మూడో కాజా ఒక వెంట్రుకవాసి బిగువుగా కుట్టాననీ, రోజూ పొద్దున్నే అది పెట్టుకునేటప్పుడు ఆయనకి తాము గుర్తుకు రావాలనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. నిజమో కోతో నాకు తెలీదు.

మళ్లీ నూనె రోజు వచ్చింది. తలుపు లోపల గడియ, నేల మీద పాత గుడ్డ పరిచి విప్పిన మిషన్లు, చేతులకి నూనె. ఈసారి కొట్టులో ముగ్గురు. చీటీలమ్మ సెలవు పెట్టి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆఖరి రెండు పేజీల పక్కన ఆవిడకీ ఒక పేజీ మొదలైంది. భుజాల మధ్య తేడా బెత్తెడు నుంచి అంగుళానికి తగ్గింది.

తర్వాత టేపత్త వంతు. మెడలోంచి టేపు తీసి ఆడపడుచు చేతికిచ్చి, కాలరు విప్పుకుని నిలబడింది. గొంతు కింద సన్నటి గీత, చేతికుట్టు లాగా. దాని మీదుగా టేపు చుట్టుకుంది.

"పదమూడున్నర," అంది ఆడపడుచు.

"మళ్లీ కొలువు."

"పదమూడున్నర."

"మళ్లీ కొలువే. కాలరు మడత పడిందేమో చూడు."

ఆడపడుచు మూడోసారి చుట్టింది గానీ అంకె చదవలేకపోయింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది, కళ్ల నిండా నీళ్లున్నాయి. చీటీలమ్మ స్టూలు మీంచి లేచి వచ్చి, వంగి, టేపు మీద వేలు పెట్టి చదివింది.

"పదమూడున్నరేనండీ. నేను కళ్లారా చూశాను."

"అయితే రాయి," అంది టేపత్త.